తెల్ల మాత్ర పొద్దున

యేసుప్రసాద్ సారు కంట్లో కాగితం పడకూడదు. పడిందంటే జేబులోంచి ఇంకు పెన్ను తీసి, దాని మీద ఒక వాక్యం రాసి, తిప్పి వెనక పక్క చూసి, "ఊహూ" అని తల అడ్డంగా ఊపేదాకా ఆయన అక్కడినుంచి కదలడు. అది పెళ్ళి పత్రికా, కరెంటు బిల్లా, కోర్టు నోటీసా అని చూసే అలవాటు లేదు. కాగితమైతే చాలు. ఎర్రగుంట్లలో ఈ డెబ్బైమూడేళ్ళ రిటైర్డు సారు చేతిలో పాసైన కాగితం ఇంతవరకూ లేదు.

పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మొదట బొటనవేలితో కాగితాన్ని రుద్దుతాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. మంచి కాగితం పలుకుతుందట. తర్వాత వెలుతురుకు పట్టి ఒక కన్ను మూసి చూస్తాడు. ఆ తర్వాత, చూసేవాళ్ళు మొహం తిప్పుకునేలోపే, దాని మూలకు నాలుక కొన తాకిస్తాడు. ఇవన్నీ అయ్యాక పెన్ను మూత తీసి, వెడల్పు పాళీతో, గుండ్రటి లావు అక్షరాలతో ఎప్పుడూ ఒకే వాక్యం రాస్తాడు: "తెల్ల మాత్ర పొద్దున, ఎర్ర మాత్ర మాపటికి." పది లెక్కపెట్టి, కాగితం తిప్పుతాడు. ఇంకు వెనక్కి దిగి ఉంటుంది. "ఊహూ."

ఆ వాక్యమే ఎందుకో ఎవరికీ తెలియదు. సారుకు ఏదో జబ్బుందనీ, మరిచిపోకుండా రాసుకోమని డాక్టరు చెప్పాడనీ సగం ఊరు అనుకుంది. జబ్బు ఉన్న మాట నిజమే కానీ అది తలకాయలో ఉందని మిగతా సగం అనుకుంది.

ఊళ్ళో అందరికీ ఈ బాధ ఎప్పుడో ఒకసారి. స్వర్ణలతకు మాత్రం దినామూ పదకొండు గంటలకు. స్టేషన్ రోడ్డులో ఆమెకు 'స్వర్ణ బుక్ స్టాల్ అండ్ జిరాక్స్' అని ఒక అంగడి ఉంది. మూడో తరగతిలో ఆమె చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిన సారు ఆయన. చెయ్యి పట్టి దిద్దించిన మనిషిని మెడ పట్టి గెంటడం ఎట్లా? పదిహేనేళ్ళుగా ఆమె ఆలోచిస్తూనే ఉంది, దారి దొరకలేదు.

"స్వర్ణా, కొత్త సరుకు ఏమన్నా వచ్చిందా?"

"మొన్న చూసినారు కదా సార్. అదే."

"మొన్నటిది మొన్న. కాగితం గాలికి మారతాది. ఒకటి ఇటియ్యి."

"సార్, అది నూరు పేజీల నోటుబుక్కు. మీరు రాస్తే ఎవురు కొంటారు సార్?"

అప్పటికే రాసేసి ఉంటాడు. "ఊహూ. ఇది కాగితం కాదమ్మా, నేల తుడిచే గుడ్డ. ఎంత పోస్తే అంత తాగుతాది."

అట్లా సారు చెయ్యి పడ్డ నోటుబుక్కులను స్వర్ణలత సగం ధరకు అమ్ముకునేది. ట్యూషన్ పిల్లలకు వాటి సంగతి బాగా తెలుసు. "అక్కా, మాత్రల బుక్కు ఉండాదా?" అని అడిగి మరీ తీసుకుపోయేవాళ్ళు. ఈమధ్య ఆ ఊళ్ళో ట్యూషన్ పిల్లలంతా లెక్కలు, సైన్సు, సోషలు మొదటి పేజీలో తెల్ల మాత్రతోనే మొదలుపెట్టారు.

పోనీ ఆయన ఏమన్నా కొంటాడా? ఇంకు సీసాలు కొంటాడు. ఊరంతటికీ ఇంకు సీసా కొనేది ఆయనొక్కడే. కాగితం మాత్రం ఒక్క తావు కూడా కొన్న పాపాన పోలేదు.

"ఒక పక్కనే రాసుకోండి సార్. వెనక్కి దిగితే దిగనీ," అందామె ఒకసారి, విసిగిపోయి.

"రెండో పక్క ఊరక ఉంటాదనుకున్యావా?" అని సారు చాలా బాధపడ్డాడు. ఆ బాధ ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

చర్చి సంఘం అయ్యగారు కూతురి పెళ్ళి పత్రిక ఇవ్వడానికి సారు ఇంటికి వెళ్ళాడు. పత్రిక అందుకుని సారు వధూవరుల పేర్లు చదవలేదు. రుద్దాడు, ఆడించాడు, వెలుతురుకు పట్టాడు. అయ్యగారి కళ్ళముందే మూల నాకాడు. తర్వాత సరిగ్గా పెళ్ళికొడుకు పేరు కింద ఖాళీ చూసి తెల్ల మాత్ర, ఎర్ర మాత్ర రాసేశాడు. నున్నటి పత్రిక కావడంతో ఇంకు ఆరకుండా జారి పెళ్ళికొడుకు చదువు మీద పడింది.

"పిల్లోడు మంచోడే అయ్యగారూ," అన్నాడు సారు, నిట్టూర్చి. "కాగితమే పనికిరాదు."

ఇంకోసారి ఎవరో చెప్పారట, మంత్రాలయంలో మఠం దగ్గర ఒక పూజా సామాన్ల అంగడివాడు పాతకాలపు లెక్కల పుస్తకాలు చించి పొట్లాలు కడుతున్నాడని. సారు మరుసటి రోజే రైలెక్కాడు. పన్నెండు పొట్లాల కుంకుమ కొన్నాడు. కుంకుమ అంతా ఒక డబ్బాలోకి వంచి, కాగితాలు మడత నలగకుండా చొక్కా లోపల పెట్టుకుని వచ్చాడు. ఈ లోగా, చర్చి పెద్దల్లో ఒకడైన సారే మంత్రాలయం పోయి డబ్బా నిండా కుంకుమ తెచ్చాడని సంఘమంతా పాకిపోయింది. పెద్దలు ఆయన్ను కూర్చోబెట్టి అడిగారు.

"సార్, మీరే ఇట్ల చేస్తే ఎట్ల? ఏం మొక్కుకుని పోయినారు?"

"మొక్కు లేదు, ఏమీ లేదు. పొట్లాల కోసం పోయినా."

"పొట్లాల్లో ఏముండాదో చూసుకోలేదా?"

"చూసినా. ఊహూ. వెనక్కి దిగుతాంది."

సంఘం ఆయన్ను క్షమించింది. కుంకుమ డబ్బా స్వర్ణలతకు దక్కింది. ఆమె ఇంట్లో ఇప్పటికీ కుంకుమకు కొదవ లేదు.

ఒకే ఒక్కసారి ఒక కాగితం గట్టెక్కబోయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే పచ్చ కాగితం అది. రాశాడు, పది లెక్కపెట్టాడు, తిప్పాడు. చుక్క దిగలేదు. అక్షరం అంచులు పాకలేదు. సారు కళ్ళు మెరిశాయి. స్వర్ణలత ఊపిరి బిగబట్టింది. పదిహేనేళ్ళ శాపం తీరబోతోంది కదా. సారు కాగితాన్ని దూరంగా పెట్టి కళ్ళు చికిలించి చూశాడు.

"ఊహూ. పచ్చ మీద నల్లది కనపడదు."

"నాకు బాగా కనపడతాంది సార్. మీకు కనపడలేదా?"

"నాకు కనపడతాది," అని చెప్పి, తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఇట్లాంటి మనిషితో ఏం మాట్లాడాలి?

స్వర్ణలతకు నవ్వే ఓపిక కూడా అప్పటికి పోయింది. అంగడి మునిగిపోతోంది మరి. నోటుబుక్కులు బడుల్లోనే అమ్ముతున్నారు. డైరీలు, గ్రీటింగు కార్డులు, లెటర్ ప్యాడ్లు, అన్నీ ఫోన్ మింగేసింది. అద్దాల బీరువాలో పుట్టినరోజు కార్డుల మీద గులాబీలు తెల్లబడిపోయాయి. జిరాక్స్ మిషను ఒక్కటే కాస్త కదులుతోంది, అది కూడా ఆధార్ కార్డుల పుణ్యాన. సిమెంటు ఫ్యాక్టరీకి లారీ తోలే ఆమె మొగుడు సుబ్బయ్య ఎప్పటినుంచో అంటున్నాడు. "మూసెయ్ స్వర్ణా. ప్రొద్దుటూరులో మా చిన్నాయన బట్టలంగట్లో నిన్ను కూర్చోబెడతాను." ఆమెకు కాగితం వాసన తప్ప ఇంకో వాసన పట్టదు. బట్టలంగడి అనే మాట వింటేనే ఏడుపు వచ్చేది.

అప్పుడు, మార్చి నెలలో, ఓబుళేశు వచ్చాడు. ముద్దనూరు రోడ్డులో ప్రైవేటు బడి నడిపే కరస్పాండెంటు. సంవత్సరం పరీక్షలకు మూడు వేల జవాబు పుస్తకాలు కావాలన్నాడు. సరుకు నచ్చితే ఇకముందు ప్రతి పరీక్షకూ ఆమె దగ్గరే తీసుకుంటానన్నాడు. స్వర్ణలత ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. ఈ ఆర్డరు వస్తే అంగడి నిలుస్తుంది. రాకపోతే జూన్‌లో షట్టరు దించేయడమే. అంతా ఈ ఒక్క మనిషి మీద ఉంది. ఆశకొద్దీ ఏజెంటుకు ఫోన్ చేసి నలభై రీముల కాగితం ముందుగానే దింపించింది. ఓబుళేశు నమూనా చూసి ఖాయం చేయడానికి మళ్ళీ వచ్చే రోజు గురువారం, పదకొండు గంటలు.

పదకొండు గంటలు! అది సారు వచ్చే వేళ. ఆలోచించి ఆలోచించి బుధవారమే సారుకు ఒక అబద్ధం చెప్పింది.

"సార్, రైల్వే గూడ్సు ఆఫీసులో పాత రిజిస్టర్లు బయట పడేస్తాండారంట. బ్రిటిషోళ్ళ కాలంవి. రేపు పదకొండుకు పోతే దొరుకుతాయి."

సారు ముఖం చూడాలి అప్పుడు. "బ్రిటిషోళ్ళవా? అవి పలుకుతాయమ్మా!" అని గబగబా వెళ్ళిపోయాడు. ఆమెకు కొంచెం పాపం అనిపించింది. కొంచెమే.

గురువారం ఓబుళేశు సరిగ్గా సమయానికి వచ్చి కూర్చున్నాడు. నమూనా పుస్తకం తిప్పి చూశాడు. టీ తాగాడు. "బాగుండాది మేడం. సోమవారానికి కుట్టించి పంపండి," అంటూ లేవబోయాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే చాలు.

"యాడ రిజిస్టర్లు, యాడ బ్రిటిషోళ్ళు!" అంటూ సారు మెట్లెక్కాడు. "స్టేషన్ మాస్టరును అడిగితే నన్ను పిచ్చోన్ని చూసినట్ల చూసినాడు స్వర్ణా. ఎవురో నీకు తప్పు చెప్పినారు." ఆయన చూపు ఓబుళేశు చేతి మీద పడింది. "అది ఏం కాగితమప్పా?"

"సార్, వద్దు సార్," అంది స్వర్ణలత. "సార్, మీ కాళ్ళు మొక్కుతా సార్."

రుద్దాడు. ఆడించాడు. ట్యూబులైటుకు పట్టాడు. నాకాడు. రాశాడు. ఓబుళేశు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సారు పది లెక్కపెట్టి పేజీ తిప్పాడు. వెనక తెల్ల మాత్ర ఉంది. రెండో పేజీ తిప్పాడు. అక్కడా ఉంది. మూడో పేజీ మీద కూడా 'మాత్ర' అనే మాట చక్కగా చదువుకోవచ్చు.

"ఈ కాలంలో ఇంకు పెన్నుతో ఎవురు రాస్తారు సార్?" అన్నాడు ఓబుళేశు.

"నీ జేబులోది ఇయ్యి."

ఓబుళేశు పెన్నుతో రాసినా వెనక పక్క గీతలు తేలాయి. "చూడప్పా. పిల్లోడు రెండు పక్కలా రాస్తాడు. దిద్దేటోడు ముందర రాసింది చదవాల్నా, వెనక నుంచి వచ్చింది చదవాల్నా? పిల్లోనికి వచ్చిన జవాబు కూడా రానట్లే ఉంటాది."

ఓబుళేశు గడ్డం గోక్కున్నాడు. "ఆలోచించి చెప్తా మేడం," అన్నాడు. అట్లా చెప్పి తిరిగొచ్చినవాళ్ళను స్వర్ణలత తన జన్మలో చూడలేదు. శనివారానికి ఆయన బడికి ప్రొద్దుటూరు నుంచి సరుకు దిగింది. కాగితం అదే ఏజెంటుది, అదే రకం. అట్ట మాత్రం వేరే రంగు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె స్కూటీ తీసింది. సారు ఇల్లు నాలుగు మైళ్ళ దూరంలో, కొత్తపాలెంలో, చర్చి వెనక. ఒకటే మాట చెప్పాలి: "సార్, ఇంక మా అంగడి మెట్టు ఎక్కొద్దండి." ఎండలో, సిమెంటు దుమ్ములో, లారీల వెనక ఆ మాటను నలభై సార్లు వల్లించుకుంటూ పోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, దుమ్ము వల్ల అనుకుంది. దుమ్ము కాదు.

సారు ఇంటి ముందు నాపరాళ్ళ అరుగు. దాని మీద ముగ్గురు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. మధ్యలో సారు ఒళ్ళో పలక, దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాడు.

"సార్, మీతో ఒక మాట..." అని ఆమె మొదలుపెట్టింది.

"ఉండు పాపా," అని చెయ్యి ఎత్తి ఆపింది ఒకామె. ఆమె పేరు జీవమ్మ. "సార్ రాస్తాండాడు. పలకరిస్తే చెయ్యి ఆగి ఇంకు చుక్క పడతాది. ఈడ కూచో."

కోపంతో వచ్చిన మనిషిని పక్కకు జరిగి నీడలో కూర్చోమంటే ఆ కోపాన్ని కాపాడుకోవడం కష్టం. స్వర్ణలత కూర్చుంది. పక్కనున్న గిడ్డమ్మ నడుముకు చెక్కుకున్న సంచీలోంచి రెండు మాత్రల అట్టలు తీసింది. వాటితోపాటు ఒక మడతల కాగితం తీసింది. పట్టి పట్టి గుడ్డలాగా మెత్తబడిపోయింది అది. దాన్ని మోకాలి మీద పరిచి, వేలు పెట్టి, పైకి చదివింది.

"తె... ల్ల. మాత్ర. పొ... ద్దున. ఎర్ర... మాత్ర... మాపటికి." ఆకాశం చూసింది. ఇంకా మధ్యాహ్నమే. "ఇప్పుడేమీ లేదు," అని తృప్తిగా మళ్ళీ మడిచింది.

ఆ వాక్యాన్ని స్వర్ణలత పదిహేనేళ్ళలో... కాదు, సరిగ్గా గుర్తు చేసుకుంటే ఈ రెండేళ్ళలోనే, కొన్ని వందల సార్లు చూసి ఉంటుంది. అంతకుముందు సారు ఏవేవో రాసేవాడు, ఏ పాట చరణమో. ఒక మనిషి దాన్ని చదువుకుని బతుకుతోందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"అవ్వా, ఆస్పత్రిలో మందుల చీటీ అచ్చు వేసి ఇస్తారు కదా?"

"ఇచ్చినారు. అది నాకు రాదు."

"ఇది చదివితివి కదా?"

"ఇవి సార్ అక్షరాలు పాపా. అవి వేరేవి."

స్వర్ణలత తన సంచీలోని కరపత్రం ఒకటి తీసి చూపింది. లావు అచ్చు, తెలుగు. గిడ్డమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేసింది.

సారు పెన్ను మూత పెట్టాడు. బడిలో తప్పు చేసి దొరికిన పిల్లవాడి ముఖం పెట్టాడు. "తప్పు నాదే స్వర్ణా," అన్నాడు. "ముప్పై రెండేండ్ల కిందట ఈడ వయోజన విద్య బడి పెట్టినా. పొలం పనులకు పోయి వచ్చి లాంతరు ముందర కూచునేవాళ్ళు, ఇరవై రెండు మంది ఆడోళ్ళు. వాచకాలు వస్తాయి, వస్తాయి అని పైనుంచి చెప్తానే ఉండ్రి. రాలేదు. నేనే చేత్తో రాసిచ్చినా. వాచకం నేనే, పాటల పుస్తకం నేనే. బాగా నేర్చుకున్నారు. నేను ఎగిరి గంతేసినా. మూడేండ్లకు నిజం వాచకాలు వచ్చినాయి. తెరిచి చూసి, ఇదేం భాష సార్ అన్నారు."

"మళ్ళా నేర్పించకపోయినారా సార్?"

"చూసినా. కుదరలేదు. నా 'క' కు కొమ్ము వేరే, నా 'ల' కు తోక వేరే. వీళ్ళకు తెలుగు రాలేదమ్మా. నా చేతిరాత వచ్చింది."

ప్రేమమ్మ అనే మూడో ఆమె అడ్డుపడింది. "అట్లంటావేంది సార్? మాకు చదువొచ్చు." ఆమె చేతిలో ఒక అట్టముక్క ఉంది. దాని మీద సారు లావుగా రాసి ఉన్నాడు: "ఎర్రది ఒత్తితే టీవీ ఆరిపోతుంది. మళ్ళీ ఒత్తితే వస్తుంది. భయపడవద్దు."

అప్పటినుంచి ముప్పై ఏళ్ళుగా వాళ్ళు చదవాలనుకున్న ప్రతిదీ సారే రాసి ఇస్తున్నాడు. చర్చిలో పాడే పాటలు, రేషను తేదీలు, కూతురు రాసిన ఉత్తరానికి నకలు. కళ్ళు మసకబారినకొద్దీ అక్షరం లావు కావాల్సి వచ్చింది. అక్షరం లావైతే పాళీ వెడల్పు కావాలి, పాళీ వెడల్పైతే ఇంకు ఎక్కువ పారుతుంది, ఇంకు పారితే కాగితం తట్టుకోలేదు. ఒక పక్కనే రాసిస్తే రెండో పక్క ఖాళీగా ఉందని ప్రేమమ్మ మనమడు అందులో లెక్కలు చేసి పారేస్తాడు. పచ్చ కాగితం మీద నల్ల అక్షరం జీవమ్మకు కనపడదు.

"రెండేండ్ల కిందట గిడ్డమ్మకు ఒక పక్క మాత్రలు, ఇంకో పక్క పాట రాసిస్తి," అన్నాడు సారు. గొంతు తగ్గించాడు. "కాగితం మోసం చేసింది. పాట ఈ పక్కకు దిగి మాత్రల్లో కలిసిపోయింది. ఈమెకు ఏదీ తెలియక, ఎర్రవి రెండు పొద్దున్నే మింగేసి చర్చికి వచ్చి, ప్రార్థనలో మోకాళ్ళ మీదనే ఒరిగిపోయింది. అందరూ భక్తి అనుకున్నారు. ముప్పావు గంట ఎవురూ కదిలించలేదు."

"నాకు బాగా నిద్ర పట్టింది ఆ పొద్దు," అంది గిడ్డమ్మ.

"నాలుగు దినాలు ఆస్పత్రిలో పడుండె! అప్పటినుంచి నాకు కాగితం మీద నమ్మకం పోయిందమ్మా." సారు తన చేతిని చూసుకున్నాడు. అది సన్నగా వణుకుతోంది. "ఇంకా పదకొండు మంది మిగిలినారు. మంచి కాగితం దొరికితే నేను పోయినాక కూడా పదేండ్లు నిలిచేటట్ల రాసిపెట్టి పోదామని. దొరకలేదు. ఇంక దొరకదు కూడా. నేను పోయిన దినమే ఈ పదకొండు మందీ మళ్ళా వేలిముద్రలే."

స్వర్ణలత నలభై సార్లు వల్లించిన వాక్యం ఎక్కడో జారిపోయింది. వెతుక్కుందామన్నా మనసు రాలేదు. ఆ మనిషి వణికే చెయ్యి చూస్తుంటే ఆమెకు మూడో తరగతి గుర్తొచ్చింది. ఆ తర్వాత, ఉన్నట్టుండి, చాలా కోపం వచ్చింది.

"సార్! మా అంగట్లో మీరు దినామూ నిలబడేది యాడ?"

"మిషను పక్కన. ఆడ ఎండ తగలదు కదా."

"అది ఏం మిషను సార్?"

"జిరాక్స్."

"మీరు రాసింది అందులో పెడితే మీ రాతే వస్తాది కదా సార్! ఎంత లావు కావాలంటే అంత లావు. అది ఇంకు కాదు, పొడి. వెనక్కి దిగదు. ఒకసారి రాస్తే నూరు కాపీలు!"

"జిరాక్స్ అంటే రాత రానోళ్ళకు కదమ్మా?" అన్నాడు సారు, చిన్న గొంతుతో. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న ఈ పనిని చెయ్యి నొప్పి లేకుండా చేయవచ్చని ఆయనకు తోచలేదు. పదిహేనేళ్ళుగా మిషను పక్కన కూర్చుని ఆయన్ను తిట్టుకున్న తనకూ తోచలేదు. అసలు ఎందుకు సార్ అని ఆమె ఎప్పుడు అడిగింది గనక?

ఆదివారమైనా షట్టరు లేచింది. గిడ్డమ్మ స్కూటీ వెనక, మిగతావాళ్ళు ఆటోలో వచ్చారు. స్వర్ణలత సారు చేత కొత్తగా రాయించి, మిషనులో పెట్టి, రెండింతలు లావు చేసి తీసింది. వేడి వేడి కాగితం గిడ్డమ్మ చేతిలో పెట్టింది. గిడ్డమ్మ వేలు పెట్టింది. ఈసారి పట్టి పట్టి చదవలేదు.

"తెల్ల మాత్ర పొద్దున, ఎర్ర మాత్ర మాపటికి!" ఒక్క ఊపిరిలో చదివేసి మిషను వైపు అనుమానంగా చూసింది. "సార్, ఇది నీకంటే బాగా రాస్తాంది."

స్వర్ణలత సంబరంతో ఆగలేక నూరు కాపీలు తీసింది. పదేళ్ళేమిటి, గిడ్డమ్మ మనమరాళ్ళకు కూడా సరిపోతాయి.

సోమవారం పదకొండు గంటలకు సారు వచ్చాడు. వెనకే గిడ్డమ్మ వచ్చింది.

"పాపా, పొద్దున డాక్టరు దగ్గరికి పోయి వస్తి," అంది గిడ్డమ్మ. "ఎర్రది నిలిపేసినాడు. ఇంక పచ్చది అంట."

స్వర్ణలత నూరు కాపీల దొంతర వైపు చూసింది. సారూ చూశాడు. ఇద్దరూ బల్ల మీద మోచేతులు ఆనించారు.

"పర్వాలేదు," అన్నాడు సారు, పెన్ను మూత తీస్తూ. "లోకంలో మాత్రలు ఎన్ని రంగులుండాయో అన్నీ రాస్తా. పొద్దునకు వేరే, మాపటికి వేరే. మధ్యాహ్నానికి కూడా రాసిపెడతా, డాక్టర్లను నమ్మేదానికి లేదు. పదకొండు మందికీ కాపీలు తియ్యాల. పాటలు వేరే ఉండాయి. ప్రేమమ్మ సెల్‌ఫోను కూడా నేర్చుకుంటుందంట. కాగితం ఎంత పడతాది స్వర్ణా?"

"శానా పడతాది సార్."

"ఉండాదా?"

ఆమె గోడవారన పేర్చిన నలభై రీముల వైపు వేలు చూపింది. ఓబుళేశు వద్దన్న సరుకు. సారు వెళ్ళి ఒక రీము చించి ఒక తావు లాగాడు. రుద్దాడు. ఆడించాడు. వెలుతురుకు పట్టాడు. మూల నాకాడు.

"ఊహూ," అన్నాడు. అని, చొక్కా జేబులో చెయ్యి పెట్టి, కాస్త సిగ్గుపడుతూ నోట్లు తీశాడు. "ఒక రీము ఇయ్యి."

ప్రొద్దుటూరు బట్టలంగడి చిన్నాయనకు ఆ సాయంత్రం సుబ్బయ్య ఫోన్ చేయాల్సి వచ్చింది. స్వర్ణ జూన్‌లో రాదని, ఎప్పుడొస్తుందో తెలియదని చెప్పాడు. ఏమైంది, ఆర్డరు వచ్చిందా అని చిన్నాయన అడిగాడు.

"రాలేదు చిన్నాయనా," అన్నాడు సుబ్బయ్య. "యాభై రెండు రంగుల మాత్రలంట. ఇంకా ఊదా దగ్గరే ఉండారు."